త్రాసులో ఇద్దరు వీరులు

2022వ సంవత్సరము మార్చి 19వ తేదీన చిక్కబళ్లాపురములో జరిగిన బహిరంగసభకు జనము వెల్లువగా తరలివచ్చిరి. అది రాజకీయసభ గాదు. కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ బొమ్మై వేదికమీద నున్నను, కన్నడ కథానాయకుడు శివరాజకుమార్ అతిథిగా విచ్చేసినను, జనము వచ్చినది వారికొరకు గాదు. ఆరు దినములలో విడుదల కానున్న ‘ఆర్ఆర్ఆర్’ అను తెలుగు చిత్రపు నాయకులిద్దరిని, దర్శకుడు రాజమౌళిని కన్నులార చూచుటకు. హిందూపురమునుండి గౌరీబిదనూరు దాటినచో చిక్కబళ్లాపురము ఎంతో దూరము గాదు. తెలుగును కన్నడమును రెండును ఇంటిభాషలుగా మెలగు ఆ సరిహద్దు సీమలో ఈ యూరివారు ఆ యూరికి సినిమాకు పోవుటయు, ఆ యూరివారు ఈ యూరికి సంతకు వచ్చుటయు వాడుకయే. చిత్రము మార్చి 25న విడుదలయ్యెను. అప్పటికి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును అనంతపురము జిల్లాలోనివి; ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడుటతో, మొదటి వారము ఒక జిల్లాలో ఆడిన బొమ్మ రెండవ వారము తిరుగకమునుపే మరియొక జిల్లాలో ఆడినట్లయినది. సినిమా వ్యాపారులకు మాత్రము జిల్లాలతో పని లేదు. 1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయులకు ధారపోసిననాటి పేరే వారి లెక్కపుస్తకములలో నేటికిని నిలిచి, రాయలసీమ యంతయు ‘సీడెడ్’ అను ఒకే పద్దుక్రింద నడచుచున్నది.

ఆ చిత్రపు కథను మరల చెప్పుట నా యుద్దేశము గాదు. అది ఎల్లరకును తెలిసినదే. ఇద్దరు వీరులు స్నేహితులై, నవ్వుచు, నవ్వించుచు, పోట్లాడుకొనుచు, తుదకు ఒకరికొరకు ఒకరు ప్రాణములొడ్డు చిత్రమును జనులును విమర్శకులును ఎట్లు తూచుదురు, ఏ యే చోట ఆ త్రాసులో ఏ రాళ్లు వేయుదురు, అనునదే ఇచ్చట విచారింపదగిన సంగతి.

నాయకునకు తోడు మన వాఙ్మయమున క్రొత్త గాదు. దుష్యంతునకు మాధవ్యుడు గలడు. రాజు విరహమున వేగుచుండగా ఈ బ్రాహ్మణుడు వేటవలన ఒళ్లునొప్పులను గూర్చి మొఱపెట్టుకొనును. తాడిపత్రి సీమవాడగు కె.వి. రెడ్డి 1951లో తీసిన ‘పాతాళభైరవి’లో తోటరామునివెంట తిరుగు అంజియు ఆ విదూషకుని వంశమువాడే. సాహసము రామునిది, హాస్యము అంజిది. పంపకములో తగవు లేదు. తగవంతయు ఇద్దరును సమానులైనప్పుడు పుట్టును. 1962లో ‘గుండమ్మకథ’యందు రామారావు, నాగేశ్వరరావులును, 1978లో ‘రామకృష్ణులు’ అను చిత్రమున మరల వారిద్దరును కూడి నటించినప్పుడు, కథ వ్రాయువానికి కథతోపాటు కొలబద్ద కూడ చేతబట్టక తప్పలేదు. ఎవరి పేరు ముందు, ఎవరికి ఎన్ని పాటలు, ఎవరి దెబ్బ ఎవరికి తగులును అనునవి తెలుగుదేశమున కావ్యసమస్యలు గావు, శాంతిభద్రతల సమస్యలు.

హిందీలో ఈ చిక్కు ఇంత లేదనుటకు ‘షోలే’ సాక్ష్యము. బెంగళూరునుండి మైసూరు పోవు దారిలో రామనగరపు బండరాళ్ల నడుమ రూపొందిన ఆ చిత్రము 1975 ఆగస్టు 15న విడుదలైనప్పుడు, పత్రికలవారిలో పలువురు పెదవి విఱిచిరి. మొదటి వారములలో వ్యాపారులకును గుండె జారినది. తరువాత జనమే దానిని తమ మాటలలోనికి ఎత్తుకొనిరి. బొంబాయి మినర్వా థియేటరులో అది ఐదేండ్లు ఆడినది. ఆ యేటి ఫిల్మ్‌ఫేర్ పురస్కారములలో దానికి దక్కినది కూర్పునకు ఒక్కటి. ముప్పదేండ్లు గడచిన పిదప, 2005లో, ఆ ఫిల్మ్‌ఫేర్ వారే ఏబదేండ్లలో ఉత్తమచిత్రమని దానికే పట్టము గట్టిరి. అందు జయ్, వీరు అను స్నేహితులలో జయ్ మరణించును. తెలుగున ఇద్దరు అగ్రనాయకులలో ఒకనిని అట్లు చంపి, ఆ రాత్రి సుఖముగా నిద్రింపగల నిర్మాత ఉండునని నేననుకొనను. ‘ఆర్ఆర్ఆర్’లో ఇద్దరును బ్రదికియే యుందురు.

హిందూపురము సంగతి మఱింత వేరు. 1985లో రామారావు గుడివాడ, నల్గొండ, హిందూపురము మూడింటను గెలిచి, తక్కిన రెంటిని వదలి హిందూపురమునే ఉంచుకొనెను. 1989లోను, 1994లోను ఇచ్చటివారు ఆయననే శాసనసభకు పంపిరి. ఆయన మరణానంతరము 1996 ఉపయెన్నికలో కుమారుడు హరికృష్ణ ఇచ్చటినుండి గెలిచెను. 2014 నుండి మరియొక కుమారుడు బాలకృష్ణ గెలుచుచున్నాడు. అనగా ‘ఆర్ఆర్ఆర్’లో భీమునిగా నటించిన జూనియర్ ఎన్టీయారుకు తాత, తండ్రి, బాబాయి ముగ్గురును ఈ యూరి శాసనసభ్యులే. రామునిగా నటించిన రామ్‌చరణుని పక్షము వారును ఈ సీమలో తక్కువవారు గారు. అతని తండ్రి చిరంజీవి 2009లో తిరుపతినుండి శాసనసభకు పోయినవాడు. ఇట్టి ఊరిలో ఇద్దరు నాయకుల చిత్రము ఆడుచున్నదనగా, తెరమీద జరుగు కథ ఒకటి, తెరముందు జరుగు కథ వేరొకటి.

భరతుని నాట్యశాస్త్రమున ‘సిద్ధి’ని గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయము గలదు. ప్రదర్శన ఫలించినదో లేదో తెలిసికొనుటకు ఆయన ప్రేక్షకుల ముఖములనే ప్రమాణముగా గొనెను. చిరునవ్వు నవ్వుట, పకపక నవ్వుట, ‘సాధు’ అనియు ‘అహో’ అనియు అఱచుట, మేను పులకించుట, లేచి నిలుచుట, వస్త్రములను ఉంగరములను రంగముమీదికి విసరుట: ఇవి మానుషసిద్ధికి గుఱుతులు. రంగశాల క్రిక్కిఱిసియుండియు, సద్దు లేక, కలత లేక, అందఱును ఆటలో లీనమై యుండుట దైవసిద్ధి. విడుదలనాటి తెల్లవారుజామున బెనిఫిట్ షోకు పోయినవారెవరును ఈ మానుషసిద్ధిని గుఱించి పుస్తకము చదువనక్కఱలేదు. ఉంగరములు విసరు స్తోమత లేకున్నను, రాత్రియంతయు కూర్చుండి చించి సంచులకెత్తిన కాగితపు ముక్కలు గలవు. నాయకుని ముఖము కనబడిన క్షణమున అవి ప్రొజెక్టరు వెలుగులో తెల్లని మిడుతలదండువలె లేచును, ఈలలలో అతడు పలికిన మొదటి మాట ఎవరికిని వినబడదు.

ఇక తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పుటకు భరతుడు ప్రాశ్నికులను వేఱుగా నిలిపెను. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వైయాకరణుడు, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు అని వారు పదుగురు. ఒక్కొక్కరు తమకు తెలిసిన యంశమును మాత్రమే పరీక్షింపవలెను. బాణమెక్కుపెట్టుటలోని తప్పును విలుకాడు చెప్పవలెను గాని వైయాకరణుడు చెప్పరాదు. నేటి విమర్శకుడొక్కడు ఈ పదుగురి పనియు, అదియు మ్యాట్నీ మొదలగులోపల, చేసి చూపవలసివచ్చుట అతని దురదృష్టము. ప్రాశ్నికుల శాసనమును దాటినవారును మన సీమలో లేకపోలేదు. ధర్మవరమున జన్మించి బళ్లారిలో సరసవినోదినీ సభను నడపిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు, నాటకము శుభాంతము కావలెనను సంస్కృతనియమమును ప్రక్కకు నెట్టి ‘విషాద సారంగధర’ను వ్రాసి ఆడించెను. ఆంధ్రనాటకపితామహుడను పేరు ఆయనకు నిలిచినది.

చిత్రములోనికి వత్తము. నాయకులకిద్దరకును వేఱువేఱు ప్రవేశములు గలవు. రాముడు పోలీసు వేషమున వేలమంది మూకలోనికి ఒంటిగా దూకి, కావలసినవాని నొక్కని ఈడ్చుకొని వచ్చును. భీముడు అడవిలో పెద్దపులితో తలపడును. రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి గడియారము చేతబట్టి కొలిచినవారు ఈ సీమలో నుండియుందురు. అటుపిమ్మట వంతెన ఘట్టము. రైలుబండి పేలి వంతెన మండుచున్నది. క్రింద ఏటిలో ఒక బాలుడు మంటల నడుమ చిక్కుకొనియున్నాడు. వంతెనమీద ఒకడు, ఒడ్డున మరియొకడు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. చేసైగలే వారి భాష. ఒకడు గుఱ్ఱము నెక్కి, వేఱొకడు మోటారు సైకిలు నెక్కి, ఒకే త్రాటి కొనలు పట్టి వంతెనకు చెఱియొకవైపున దూకుదురు. ఊయల తూగినట్లు తూగి, నీట తడిసిన జెండాను అగ్నికి అడ్డముగా చేసికొని బాలుని రక్షించి, గాలిలో చేయి చేయి పట్టుకొందురు. ఇందు ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని అడుగుటకు వీలు లేదు. త్రాడు ఒకటే, బరువులు రెండును సరి. రాజమౌళి ఎంతటి వ్యవహారదక్షుడో ఈ యొక్క ఘట్టమే చెప్పును.

అచ్చటినుండి విరామమువఱకు చిత్రము పలుచోట్ల హాస్యమే. అక్తరను మాఱుపేరుతో ఢిల్లీలో మరమ్మతుపని చేయు భీమునకు జెన్నీ యను తెల్లదొరసానిని పలుకరింపవలెనని యున్నది, ఆమె భాష రాదు. రాముడు దారిలో మేకులు పఱచి ఆమె కారు ఆగునట్లు చేయును. ‘నాటు నాటు’ పాటయు ఆ స్నేహపు చిలిపితనములోనిదే. ఇప్పుడు లోకమంతయు ఎఱిగిన ఆ నృత్యమును 2021 ఆగస్టులో కీవ్ నగరమునందలి మరియిన్‌స్కీ రాజభవనము ముందు తీసిరి. కొన్ని నెలలకే ఆ నగరముమీద బాంబులు పడినవి. పాట తుదలో మిగిలినవారిద్దరు రాముడును భీముడును. జెన్నీ కన్నులు భీమునిమీద నున్నవని గ్రహించిన రాముడు, కాలు పట్టినట్లు నటించి కావలెననియే కూలబడును. తెలుగు చిత్రమున ఒక అగ్రనాయకుడు వేఱొక అగ్రనాయకునికి ఓటమి కానుకగా నిచ్చుట చిన్న సంగతి గాదు. ఆ చోట ఉభయపక్షములును ఏకకాలమున ఈలలు వేసిరన్న, అది రచయిత విజయేంద్రప్రసాదుని నేర్పు.

ఉత్తరార్ధమున ఆ సమత చెదరినదని ఒక పక్షమువారి ఫిర్యాదు. రామునకు తండ్రి యున్నాడు, ఆయనకిచ్చిన మాట యున్నది, తుపాకులకొఱకు ఏండ్ల తరబడి పన్నిన వ్యూహమున్నది, తుదకు విల్లమ్ములతో అల్లూరి వేషమున్నది. భీముడు వచ్చినది ఒక చిన్నపిల్లను తల్లికడకు తిరిగి తీసికొనిపోవుటకు. జైలునుండి తప్పించుకొను ఘట్టమున కాళ్లు విఱిగిన రాముని భీముడు భుజములమీద నెక్కించుకొని పరుగెత్తును. పైనున్నవాడు రెండు చేతుల రెండు తుపాకులు కాల్చును. దేశదేశములవారు కేరింతలు కొట్టిన ఈ ఘట్టముమీద మన వీథులలో జరుగు వాదము ఈ తీరున నుండును:

“మోసేది మావోడు, కాల్చేది ఆయనా? ఇదేం న్యాయమప్పా?”

“మోసేటోడు లేకుంటే కాల్చేటోడు యాడుంటాడప్పా? బలమంతా కింద ఉండాది సూడు.”

“కొరడా దెబ్బలు తింటా మావోడు పాడినాడే, అట్లాంటిది ఒగటి మీవోనికుంటే సూపీ.”

నవ్వుకొనదగినదే గాని, దీనిని మూఢాభిమానమని త్రోసివేయుట తగదని నా తలంపు. వీరు చేయుచున్నది పాత్రల బరువును నిలువుగా అడ్డముగా కొలుచుట; కళాశాలలో చేసినచో దానినే సాహిత్యవిమర్శ యందురు. పైగా వీరి ఫిర్యాదు పోయి చేరిన చోటు ఒక్కటి విద్వాంసుల ఫిర్యాదుతో సరిగా కలిసినది. చిత్రాంతమున రాముడు భీముని ఏమి కావలెనని అడుగగా, భీముడు చదువు నేర్పుమని కోరును. కొమురం భీముని (1901–1940) పేరు పెట్టుకొన్న గోండువీరుడు, అల్లూరి సీతారామరాజు (1897–1924) పేరు పెట్టుకొన్న వీరుని యెదుట అక్షరములకై చేయిచాచుట అడవిబిడ్డలను అజ్ఞానులుగా చూపుట గాదా, అని కులమును గూర్చియు, ఆదివాసులను గూర్చియు ఆలోచించు విమర్శకులు గట్టిగా ప్రశ్నించిరి. హిందూపురపు అభిమాని తన నాయకునికొఱకు బాధపడెను, వీరు ఒక జాతికొఱకు బాధపడిరి. వ్రేలు చూపిన చోటు మాత్రము ఒకటే.

చారిత్రకముగా ఆ వీరులిద్దరును ఎన్నడును కలిసికొన్నవారు గారు. చిత్రమే తాను కల్పననని ముందుగా చెప్పుకొన్నది. అయినను విడుదలకు మునుపే, 2020 అక్టోబరులో, భీముడు ముసల్మానుల టోపీ ధరించినట్లు చూపిన ప్రచారచిత్రముపై ఆదిలాబాదు ప్రాంతమున అభ్యంతరములు లేచినవి. విడుదలైన పిదప మన పత్రికల విమర్శ ఇంచుమించు ఒకేరీతిగా నడచినది: పూర్వార్ధము భేషు, ఉత్తరార్ధమున బిగువు సడలినది, స్త్రీపాత్రలకు చోటు చాలదు, దొరలందఱును ఒకే అచ్చున పోసిన దుర్మార్గులు. ఇవి అన్నియు న్యాయమైన మాటలే. టికెట్టు కిటికీకడ వాటి ప్రభావము మాత్రము శూన్యము.

ఇప్పుడు రెండవ త్రాసు. అమెరికాలో మార్చి మాసమున ఈ చిత్రమును మొదట చూచినవారు అచ్చటి తెలుగువారే. వారి త్రాసులును ఇచ్చటినుండి కొనిపోయినవే. మే 20న నెట్‌ఫ్లిక్సులో హిందీ ప్రతి వచ్చినది. జూన్ 1న నూటికి పైగా అమెరికా థియేటర్లలో చిత్రమును మరల ఒక రాత్రి ప్రదర్శించిరి. ఈ మాఱు వచ్చినవారిలో నందమూరి వంశము ఎఱుగనివారు, చిరంజీవి పేరు విననివారు, తెలుగనునది ఒక భాషయని ఆనాడే తెలిసికొన్నవారు పెక్కుమంది. 2023 జనవరి 9న లాస్ ఏంజెలెస్‌లోని చైనీస్ థియేటరులో వేసిన ఆటకు 932 టికెట్లు 98 సెకనులలో అమ్ముడుపోయినవి. ‘నాటు నాటు’ వచ్చుసరికి జనము తెరముందునకు పోయి గంతులు వేసిరి. భరతుడు చెప్పిన మానుషసిద్ధి సాగరము దాటినది.

వారిని అంతగా కదలించినదేమి? అమెరికావారికి జంటవీరుల హాస్యసాహసచిత్రము క్రొత్త గాదు. 1982లో ‘48 అవర్స్’, 1987లో ‘లీథల్ వెపన్’ మొదలుకొని దానికొక అచ్చు ఏర్పడియున్నది. అందు ఒకరికొకరు పడని ఇద్దరిని ఒక నేరపరిశోధనలో ముడివేయుదురు. వారు దారిపొడుగున కఱచుకొందురు. స్నేహము చివర వచ్చును, వచ్చినను నోరు విప్పి చెప్పుకొనుటకు సిగ్గుపడి, ఎత్తిపొడుపుమాట చాటున దాగును. రాజమౌళి దీనిని తలక్రిందులు చేసెను. ఇచ్చట స్నేహము పేరు తెలియకమునుపే పుట్టును. భుజముమీద చేయివేసి బాహాటముగా తిరుగును. కలహము పిమ్మట వచ్చును, వచ్చినప్పుడు అది విరహమంత బాధించును. ఇట్లు సిగ్గు లేక ప్రేమించుకొను ఇద్దరు మగవాండ్రను వారు చిరకాలమునకు చూచిరి. మనకది వింత గాదు. కర్ణదుర్యోధనుల పద్యములు పొలముగట్లమీద పాడుకొన్న సీమ మనది. వారు బేరీజు వేసినది స్నేహమును, మనము బేరీజు వేసినది స్నేహితులను.

అటుపై సన్మానములు వరుసగా వచ్చినవి. న్యూయార్కు విమర్శకుల సంఘము రాజమౌళిని ఉత్తమదర్శకునిగా ఎన్నుకొనెను. జనవరిలో ‘నాటు నాటు’కు గోల్డెన్ గ్లోబు, మార్చి 12న ఆస్కారు లభించినవి. భారతదేశము పక్షమున ఆ యేడు అధికారికముగా ఆస్కారుకు పోయినది మాత్రము గుజరాతీ చిత్రమగు ‘ఛెల్లో షో’. పెనుకొండవారికి ఇందొక ప్రత్యేకమైన వినోదము గలదు. విజయనగరప్రభువులు తల్లికోట యుద్ధానంతరము రాజధానిగా చేసికొన్న ఆ దుర్గము నీడలో, ఎఱ్ఱమంచికడ, 2019లో కియా కార్ల కర్మాగారము పనిమొదలిడినప్పటినుండి కొరియా దేశస్థులు ఆ ప్రాంతమున చూపులకు అలవాటైరి. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయమువారు, రాయబారితో సహా, ‘నాటు నాటు’కు అడుగులు వేసి ఆ దృశ్యమును లోకమునకు చూపిరి. మన యూరిలో కార్లు చేయువారి దొరలు మన పాటకు ఆడుచున్నారని పెనుకొండవారు మురిసియుందురనుటలో వింత లేదు.

ఆ మెప్పుల నడుమ ఎదురుమాటలును వినబడినవి. చిత్రాంతగీతమున సుభాసుచంద్రబోసు, పటేలు, భగత్‌సింగు, ప్రకాశము పంతులు మొదలగువారి చిత్తరువులు వచ్చునుగాని గాంధీ నెహ్రూల జాడ లేదేమని అమెరికా పత్రికలయందే ప్రశ్నించిన రచయితలు గలరు. బ్రిటనులో రాబర్ట్ టూంబ్సు అను చరిత్రకారుడు తమవారిని ఇంత క్రూరులుగా చూపుట చరిత్రకు ద్రోహమని వ్రాసెను. ఆంగ్లచిత్రములలో భారతీయుడు ఎన్ని దశాబ్దులు పాములవానిగాను, పంకా లాగువానిగాను కనబడెనో తలచుకొన్నచో, ఆయన బాధ మనకు అంతగా అంటదు.

జపానులో చిత్రము 2022 అక్టోబరు 21న విడుదలై, రజనీకాంతుని ‘ముత్తు’ అచ్చట పెక్కేండ్లుగా నిలుపుకొన్న వసూళ్ల గుఱుతును దాటినది. అచ్చటివారు ఒక్కసారి చూచి ఊరకుండక, నెలలతరబడి మరల మరల పోయి చూచిరి. అంతటితో నిలువలేదు. స్త్రీలు మాత్రమే నటించు తకరజుకా అను నాటకసమాజము, శతాబ్దికి పైబడిన ప్రాచీనసంస్థ, 2024 జనవరిలో ‘ఆర్ఆర్ఆర్’ను సంగీతనాటకముగా ప్రదర్శించినది. మీసముల వీరులిద్దరును అచ్చట స్త్రీలే. కథను వారు భీమునివైపునుండి నడిపిరి. నాటకపు పేరులోనే భీముని పేరు చేర్చి, సమాజపు అగ్రనటికి భీముని వేషమునిచ్చిరి. ఈ వార్త హిందూపురమున ఒక పక్షమువారి చెవిని బడినచో, రెండవ పక్షమువారు జవాబు వెదకికొనవలసియుండును.